పసివారి గీత, పసివారి పలుకు

పలకమీద బొమ్మ గీచిన పిల్లవానిని పిలిచి "ఇది ఏమిరా?" అని అడిగినచో, వాడు చెప్పు సమాధానము బొమ్మకంటె పెద్దదిగా నుండును. నాలుగు గీతలను చూపి గుఱ్ఱమనును. ఆ గుఱ్ఱము రాత్రి మిద్దె యెక్కినదనును. మిద్దె ఎక్కడ నున్నదని అడిగితిమా, దానికి పలక చాలలేదనును! బొమ్మ ఒక్కటే యైనచో మనకు బోధపడదు. మాట ఒక్కటే యైనచో మనము నమ్మము. రెండును కలిసినప్పుడే ఆ పసివాని లోకము మన కన్నులయెదుట నిలుచును.

ఈ రెంటిని జతపఱచి కదలుబొమ్మల చిత్రముగా నిర్మింపవచ్చునను తలంపు ఇరువదవ శతాబ్దమున కొందఱు చిత్రకారులకు కలిగెను. ఆ తలంపు ఎట్లు పుట్టినది, ఏయే దారులు త్రొక్కినది, అందు మనము నేర్చుకొనదగినది ఏమి అను విషయములను ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఇందుకు ముఖ్యాధారముగా 1959వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన 'మూన్‌బర్డ్' అను చిత్రమును గ్రహించితిమి. ఆ పేరును 'చందమామ పిట్ట' యని తెలుగు చేసికొనవచ్చును. దాని నిడివి పది నిమిషములు మాత్రమే. అందు మాటలాడినవారు నటులు కారు. చిత్రమును నిర్మించిన దంపతుల యిద్దఱు కొడుకులు. వారి మాటలను వ్రాసి యిచ్చినవారు ఎవ్వరును లేరు.

పిల్లల గీతలకు విలువ కలదని పెద్దలు గుర్తించుట మిక్కిలి పాత సంగతి కాదు. ఇటలీ దేశమున కొర్రాడో రిచ్చి యను కళాచరిత్రకారుడు ఒకనాడు వాన కురియుచుండగా ఒక వసారా క్రింద తలదాచుకొని, అచ్చటి గోడలమీద పిల్లలు గీచిన బొమ్మలను చూచెను. ఆ చూపునుండి పుట్టిన ఆలోచనయే 1887లో 'బాలుర కళ' యను అర్థము గల పేరుతో ఒక చిన్న గ్రంథముగా వెలువడెను. పిమ్మట పదేండ్లకు, 1897లో, వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ అను ఉపాధ్యాయుడు పిల్లలకొఱకు ఒక చిత్రకళా తరగతిని తెఱచెను. పెద్దల బొమ్మలను చూచి నకలు వ్రాయించుట ఆనాటి బడులలో ఆచారము. చిజెక్ ఆ ఆచారమును విడిచి, పిల్లలను తమకు తోచినది గీయనిచ్చెను. స్విట్జర్లాండులో పెరిగిన పాల్ క్లే యను సుప్రసిద్ధ చిత్రకారుడు 1911లో తన కృతుల పట్టికను వ్రాయ నారంభించినప్పుడు, తాను పసితనమున గీచిన బొమ్మలను కొన్నిటిని గూడ అందు చేర్చెను. మన దేశమున వ్యంగ్యచిత్రకారుడు శంకర్ పిళ్ళె 1949లో పిల్లల చిత్రలేఖన పోటీని ప్రారంభించెను. మఱుసటి యేట అది అన్ని దేశముల పిల్లలకును తెఱచిన పోటీ యయ్యెను. ఢిల్లీకి వివిధ దేశములనుండి వచ్చి చేరిన ఆ కాగితములను చూచినవారికి, పసివాని గీత అసంపూర్ణమైన పెద్దవాని గీత కాదనియు, దానికి దాని ధర్మము వేఱుగా కలదనియు తెలిసివచ్చెను.

కదలుబొమ్మల కళకు పుట్టుకనుండియే పలకతో చుట్టఱికము కలదు. ఫ్రాన్సు దేశీయుడైన ఎమిల్ కోల్ 1908లో 'ఫాంటాస్మగోరీ' యను చిన్న చిత్రమును నిర్మించెను. దీనిని తొలినాటి కదలుబొమ్మల చిత్రములలో ఒకటిగా చరిత్రకారులు లెక్కింతురు. అందలి మనుష్యులు కఱ్ఱపుల్లలవంటి కాలుసేతులు గలవారు. క్షణమునకొక రూపము దాల్చుదురు. కోల్ తెల్ల కాగితముమీద నల్లని గీతలతో వందలకొలది బొమ్మలను గీచి, వాని ఛాయాగ్రహణమును తలక్రిందుగా, అనగా నలుపు తెలుపుగాను తెలుపు నలుపుగాను మారునట్లు, అచ్చు వేయించెను. అందువలన తెరమీద అవి నల్లపలకపై సుద్దతో గీచిన బొమ్మలవలె కానవచ్చెను. ఆ పలక మన బడిపిల్లవాని పలకకు దూరమైనది కాదు.

అయితే ఆ పసిగీత తెరమీద చిరకాలము నిలువలేదు. 1914లో ఎర్ల్ హర్డ్ అను అమెరికా దేశీయుడు పారదర్శకమైన సెల్యులాయిడు రేకులమీద బొమ్మలు వ్రాయు పద్ధతికి హక్కుపత్రము కోరుచు దరఖాస్తు చేసెను. వెనుకటి దృశ్యమును ఒక్కసారి చిత్రించి, కదలవలసిన పాత్రను మాత్రము రేకులమీద మార్చి మార్చి వ్రాయుట దీని రహస్యము. పని తేలికయయ్యెను; కార్ఖానా పుట్టెను. ఒకరు గీయగా, ఒకరు సిరా పూయగా, మఱొకరు రంగు నింపగా, నునుపైన గుండ్రని బొమ్మలు వేలకొలది తయారగుచుండెను. ఎవరి చేతి గుర్తు గాని ఆ బొమ్మలలో మిగులకుండుటయే నేర్పనిపించుకొనెను. ఇట్టి కాలమున పిల్లల గీత వచ్చినచో అది నవ్వులాటకే వచ్చెడిది. 1941లో టెక్స్ ఏవరీ నిర్మించిన 'పోర్కీస్ ప్రివ్యూ' యందు పోర్కీ యను పందిపిల్ల తానే ఒక చిత్రమును గీచి, టిక్కెట్లు పెట్టి తోటి జంతువులకు చూపును. అందలి బొమ్మలన్నియు కఱ్ఱపుల్లల మనుష్యులే! ప్రేక్షకులు నవ్విరి, నవ్వుటకే అది చేయబడినది. కాని ఆ నవ్వు వెనుక ఒక సత్యము దాగియున్నది. నునుపు లేకున్నను ఆ బొమ్మలు నడిచెను, ఆడెను, చూచువారికి అర్థమయ్యెను.

ఆ యేడే, అనగా 1941 మే నెలలో, బర్బాంక్‌లోని వాల్ట్ డిస్నీ చిత్రశాలలో పనివారి సమ్మె సాగెను. దానితరువాత అచ్చటినుండి వెలుపలికి వచ్చినవారిలో జాన్ హబ్లీ యొకడు. ఈతడు 1914లో విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించెను. ఇరువది యొకటి రెండేండ్ల ప్రాయమున డిస్నీ కొలువులో ప్రవేశించి, 'స్నో వైట్', 'పినోకియో', 'ఫాంటసియా', 'బాంబి' చిత్రములకు దృశ్యరచనలో పాలుపంచుకొనెను. నునుపైన బొమ్మల విద్యను మొదలంట నేర్చినవాడు కనుకనే దాని హద్దులును అతనికి తెలియును. పిమ్మట అతడు యు.పి.ఎ. అను క్రొత్త చిత్రసంస్థలో చేరెను. అచ్చటివారు సజీవ చిత్రమును అనుకరించుట మాని, కొద్ది గీతలతో, చదునైన రంగులతో, ఆధునిక చిత్రలేఖనపు మార్గమున బొమ్మలు వ్రాసిరి. 1950లో రాబర్ట్ కానన్ దర్శకత్వమున, హబ్లీ పర్యవేక్షణమున వెలువడిన 'జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్' ఆ సంస్థకు గొప్ప పేరు తెచ్చెను. మాటలకు బదులు చప్పుళ్ళు మాత్రమే నోట వచ్చు బాలుని కథ యిది. తల్లిదండ్రులు వైద్యుని పిలిచిరి, బడివారు పంపివేసిరి, తోటిపిల్లలు ఆటకు రానీయలేదు. చివరకు ఆ చప్పుళ్ళ వలననే వానికి రేడియోలో గౌరవము లభించెను. పసివాని నోటిమాటను సరిదిద్ద బోయి పెద్దలు ఓడిపోవుట ఈ కథలోనే మొదలైనదని మేము తలంచుచున్నాము.

ఆనాడు అమెరికాలో రాజకీయాభిప్రాయముల నిమిత్తము కళాకారులను విచారించు కాలము నడచుచుండెను. తోటివారి పేర్లు చెప్పుటకు హబ్లీ అంగీకరింపలేదు. అందువలన 1952లో అతడు యు.పి.ఎ.ను విడువవలసివచ్చెను. పెద్ద చిత్రశాలల తలుపులు మూతపడెను. బ్రతుకుతెరువునకై అతడు తనదిగా ఒక చిన్న సంస్థను నెలకొల్పి వ్యాపార ప్రకటనల చిత్రములను చేయసాగెను. 1955లో ఫెయిత్ ఎలియట్‌ను వివాహమాడెను. ఆమె న్యూయార్కు నగరమున 1924లో పుట్టినది. చిత్రముల కూర్పులోను, చిత్రీకరణమున కథాక్రమమును సరిచూచు పనిలోను అనుభవము గడించినది. 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' అను పేరొందిన చిత్రమునకు ఆ పని చేసినది ఈమెయే. ప్రకటనల రాబడితో ఇల్లు గడుపుకొని, ఏటికొక్క చిత్రమైనను తమ మనసునకు నచ్చినట్లు స్వతంత్రముగా చేయవలెనని ఆ దంపతులు నిశ్చయించుకొనిరి.

ఆశ్చర్యమేమనగా, ఆ ప్రకటనలలోనే వారికి క్రొత్తదారి దొరకెను. 1956లో 'మేపో' అను ధాన్యపు జావ పిండికి ఒక ప్రకటన చిత్రమును వారు చేసిరి. తిననని మొండికేయు పిల్లవాడు అందు కథానాయకుడు. ఆ పిల్లవాని గొంతునకు వారు తమ కొడుకు మార్క్ మాటలను పట్టిరి. పెద్దలు నటించు పసిగొంతునకును, పసివాని నిజమైన గొంతునకును గల భేదము టెలివిజను ముందు కూర్చున్నవారికి వెంటనే తెలిసెను. ప్రకటన మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. వ్యాపారమునకు పనికివచ్చిన ఆ గొంతు కళకు పనికిరాదా యను ప్రశ్న ఆ తల్లిదండ్రులకు కలుగుట సహజము.

ఇచ్చట యంత్రముయొక్క పాత్రను గూడ చెప్పవలెను. అయస్కాంతపు టేపుమీద ధ్వనిని పట్టు విద్య 1930ల జర్మనీలో వృద్ధిపొంది, రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాకు వచ్చెను. అంతకుముందు చిత్రములకు ధ్వనిని పట్టుట యనగా పెద్ద శాల, పెద్ద పరికరములు, నిపుణులు, నిశ్శబ్దము. అట్టిచోట పసిపిల్లవాడు నోరు విప్పునా? విప్పినను నేర్పిన పలుకులే పలుకును. టేపు వచ్చిన పిదప గంటలకొలది ధ్వనిని తక్కువ ఖర్చుతో పట్టుటకును, అక్కఱలేనిదానిని కత్తిరించి, కావలసిన ముక్కలను అతికించుటకును వీలు కలిగెను. పిల్లలు తమ యాటలో తాము మునిగియుండగా, వారి మాటలను వినుచు కూర్చుండుట సాధ్యమయ్యెను. 'మూన్‌బర్డ్' పుట్టినది ఈ వీలునుండియే.

కథ స్వల్పము. అన్నదమ్ములిద్దఱు రాత్రివేళ పడకలు విడిచి, కిటికీ గుండ దొంగతనముగా బయటికి పోవుదురు. చందమామ పిట్టను పట్టి ఇంటికి తెచ్చుకొనవలెనని వారి సంకల్పము. అన్నకు అంతయు తెలియును. కనీసము తెలిసినట్లు మాటలాడును. గొయ్యి త్రవ్వవలెను, ఎర పెట్టవలెను, చప్పుడు చేయరాదు అని ఆజ్ఞలిచ్చును. తమ్మునికి మాటలు పూర్తిగా రావు. వాడు చప్పుడు చేయక యుండలేడు. పాడును, గొణుగును, అన్న మాటనే తిరిగి పలుకును. పిట్ట నిజముగా కలదా యను సందేహము ఆ యిద్దఱిలో ఎవనికిని రాదు. చూచు మనకును రాదు. ఏలయనగా తెర పిల్లల మాటను నమ్మినది. వారు పిట్ట యున్నదన్నారు, తెర పిట్టను చూపినది.

ఈ చిత్రమున పని నడచిన క్రమమును గమనింపుడు. మామూలు చిత్రములకు మొదట కథ వ్రాయుదురు, పిమ్మట సంభాషణలు వ్రాసి నటులచే పలికింతురు, దానికి తగినట్లు బొమ్మలు గీయుదురు. కార్టూను చిత్రములయందు ధ్వని ముందుగా పట్టుట సాధారణమే యైనను, ఆ ధ్వనికిని ముందు వ్రాత యుండును. హబ్లీలు వ్రాతను తీసివేసిరి. మార్క్, రే అను కొడుకులిద్దఱు ఆడుకొనుచు పలికిన మాటలను పట్టి, వానినుండి కథను కూర్చిరి. పిల్లవాడు ఆగినచోట చిత్రము ఆగవలెను. వాడు దారి తప్పినచోట చిత్రమును దారి తప్పవలెను. బొమ్మలను కదలించినవారు రాబర్ట్ కానన్, ఎడ్ స్మిత్ అనువారు. 'జెరాల్డ్' కథకు దర్శకత్వము వహించిన కాననే యీ కానన్. సెకనుకు 24 చట్రముల చొప్పున పది నిమిషములకు 14,400 చట్రములు. ఒక పసివాని నత్తిమాటకు, నిట్టూర్పునకు, తడబాటునకు తగినట్లు నిపుణులైన పెద్దలు అన్ని చట్రములను లెక్కించి కూర్చవలసివచ్చెను. పిల్లల మాటకు ఇంతటి శ్రద్ధతో ఊడిగము చేసిన పెద్దలు అరుదు.

గీతను గూడ వారు మార్చిరి. సెల్యులాయిడు రేకులను విడిచి, కాగితముమీదనే కుంచెతో, సిరాతో బొమ్మలు వ్రాసిరి. బొమ్మ చుట్టును నలుపు పూసి, దానిని వెనుకటి దృశ్యముమీద రెండవసారి అదే ఫిల్ముపై ఛాయాగ్రహణము చేసిరి. నలుపు వెలుతురును ఈయదు గనుక బొమ్మ మాత్రమే దృశ్యముమీద నిలుచును. అదియు దట్టముగా గాక, వెనుకటి చెట్లు, గోడలు లోనుండి తొంగిచూచునట్లు పలుచగా నిలుచును. చీకటిలో తిరుగు పిల్లలకు ఇంతకంటె తగిన రూపము వేఱొకటి లేదు. గీతలు తిన్నగా నుండవు. రంగు గీత దాటి పోవును. చూచువారికి పిల్లలే గీచిరేమో యనిపించును. కాని గీచినవారు ఆరితేరిన చిత్రకారులు. పిల్లల మాట పిల్లలది. గీత మాత్రము ఆ మాటకు తలయొగ్గిన పెద్దలది.

1960 ఏప్రిల్ 4వ తేదీన ఈ చిత్రమునకు అమెరికా చలనచిత్ర అకాడమీవారి బహుమానము లభించెను. పోటీలో నిలిచిన వానిలో డిస్నీవారి 'నోవాస్ ఆర్క్', వార్నర్ సోదరుల 'మెక్సికాలీ ష్మోస్' కలవు. పెద్ద చిత్రశాలల తలుపులు మూసికొన్న ఒక చిత్రకారునకు, ఇంటిలో ఆడుకొను తన పిల్లల మాటలే ఆ గౌరవమును సంపాదించి పెట్టెను.

ఇదే కాలమున వేఱొక దారియు నుండెను. జాక్ మెండెల్సన్ అను హాస్యచిత్రకారుడు 1959లో 'జాకీ దినచర్య' యను అర్థము గల పేరుతో వార్తాపత్రికలకు ఒక బొమ్మల వరుసను ప్రారంభించెను. అదియంతయు ఒక చిన్నపిల్లవాడు తన చేతితో గీచి, తన మాటలలో వ్రాసికొన్నట్లు నుండును. సంతకములో మాత్రము తన వయస్సు ముప్పది రెండున్నర యని చమత్కరించెను! 1965లో పారమౌంటువారి కార్టూను శాలకొఱకు ఆ తీరుననే రెండు చిన్న చిత్రములు వెలువడెను. ఒకటి జార్జి వాషింగ్టను కథ. రెండవది గట్టుకు పడిన గండిని వ్రేలితో మూసిన డచ్చి బాలుని కథ. బడిలో విన్న చరిత్రను పిల్లవాడు తనకు అర్థమైనట్లు గీచి చెప్పును. ఆ బొమ్మలలో కొలతలు తప్పును, కాలములు కలగలియును. నవ్వు రాక మానదు.

ఈ రెండు కథల పూర్వోత్తరములను విచారించినచో మఱొక వింత తెలియును. వాషింగ్టను బాల్యమున చెఱ్ఱీచెట్టును నఱికి, తండ్రియెదుట నిజము ఒప్పుకొన్నాడను కథ పార్సన్ వీమ్స్ అనువాడు వ్రాసిన జీవితచరిత్రయొక్క 1806 నాటి ముద్రణలో మొదటిసారి కానవచ్చినది. దానికి ఆధారము లేదు. గట్టును కాపాడిన బాలుని కథను జగమెఱుంగజేసినది మేరీ మేప్స్ డాడ్జ్ అను అమెరికా రచయిత్రి 1865లో ప్రకటించిన నవల. ఆ బాలుడు డచ్చి చరిత్రలో లేడు. అయినను ఆ కథను నమ్మి వెదకుచు వచ్చు విదేశయాత్రికులకొఱకు నెదర్లాండ్సులోని స్పార్న్‌డాం గ్రామమున 1950లో వానికి విగ్రహమును నిలిపిరి. పెద్దలు కల్పించిన కథను పిల్లవాడు నమ్మినాడు. పిల్లవాడు కలగాపులగముగా చెప్పెనని పెద్దలు నవ్వినారు. నిజమునకు చరిత్రను ముందు కలగాపులగము చేసినది ఎవరు? జాకీ చిత్రములు నవ్వించుచునే ఈ ప్రశ్నను మనముందుంచును.

ఈ రెండు దారులను తూచి చూచినచో మాకు తోచునది ఇది. పసిగీతను పెద్దవాడు అనుకరింపవచ్చును. కోల్ చేసెను, క్లే సాధించెను, మెండెల్సన్ నవ్వించెను, హబ్లీ మెప్పించెను. పసిమాటను అనుకరించుట మాత్రము అసాధ్యమువంటిది. పెద్దవాడు కల్పించిన పసిమాటలో తప్పులు ఎప్పుడును నవ్వు పుట్టించుచోటనే వచ్చును. నిజమైన పసిమాటలో తప్పు నవ్వు కొఱకు రాదు. ఆలోచన భాషకంటె ముందు పరుగెత్తుటవలన వచ్చును. 'మూన్‌బర్డ్'లోని తమ్ముడు అన్న మాటను సగము తిరిగి పలికినప్పుడు మనకు వినవచ్చునది తప్పు కాదు, నేర్చుకొనుచున్న మనస్సు. దానిని వ్రాయలేము; వినవలెను.

వినుటకు ఒక గడువు కలదని గూడ హబ్లీల జీవితమే చెప్పుచున్నది. 1968లో వారు 'విండీ డే' యను చిత్రమును తమ కుమార్తెలు ఎమిలీ, జార్జియాల మాటలతో నిర్మించిరి. గాలి వీచు వేసవినాడు అక్కచెల్లెండ్రు రాకుమారుడు, రాకుమారి యని ఆడుకొనుచు, మాటలలో మాటగా పుట్టుక, పెండ్లి, చావు మొదలగు వానిని గూర్చి ముచ్చటింతురు. అదియు అకాడమీ బహుమానపు పోటీలో నిలిచెను. ఆ యేట గెలిచినది డిస్నీవారి 'విన్నీ ద పూ అండ్ ద బ్లస్టరీ డే' యను మఱొక గాలిదినపు కథ! 1973లో 'కాకబూడీ' యను చిత్రము వచ్చెను. అందు వినవచ్చునవి ఇంకను మాటలు కూడబలుకుకొను చిట్టిపాపల గొంతులు. కాని ఆ సంవత్సరము నాటికి చిన్నదగు జార్జియాకే పదమూడేండ్లు. ఆ పాపలు అప్పటికే లేరు. ఆ గొంతులు టేపులో మాత్రమే మిగిలినవి. తల్లిదండ్రులు సకాలమున విని, పదిలపఱచి యుండనిచో ఆ చిత్రము లేదు. జాన్ హబ్లీ 1977లోను, ఫెయిత్ 2001లోను కీర్తిశేషులైరి. ఎమిలీ తానును కదలుబొమ్మల చిత్రకారిణి యయ్యెను. జార్జియా సంగీతమున పేరు పొందెను.

మన దేశమున ఈ కళకు ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజను 1956లో బొంబాయిలో కార్టూను విభాగమును తెఱచి పునాది వేసెను. అచ్చటివారికి శిక్షణమిచ్చిన క్లెయిర్ వీక్స్ హబ్లీవలెనే డిస్నీ చిత్రశాలలో పనిచేసినవాడు. 1957లో జాతకకథ ననుసరించి 'ది బనియన్ డీర్' అను చిత్రము వెలువడెను. 1974లో విజయా ములే రూపొందింపగా భీమ్‌సేన్ బొమ్మలకు ప్రాణము పోసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' దూరదర్శనముద్వారా ఒక తరమువారి హృదయములలో నిలిచెను. అందు తమ్ముడు అడుగును, అక్క చెప్పును. అది మనోహరమైన చిత్రమే. కాని ఆ ప్రశ్న గూడ పెద్దలు వ్రాసి యిచ్చిన ప్రశ్నయే.

తెలుగు పిల్లల సొంత గీతకును, సొంత గొంతునకును చోటిచ్చిన పుణ్యము మాత్రము మదరాసుది. రేడియో అన్నయ్యగా మనవారెఱిగిన న్యాయపతి రాఘవరావుగారును, అక్కయ్యగా పేరొందిన కామేశ్వరిగారును అచ్చటి ఆకాశవాణిలో పిల్లలచేతనే మాటలాడించి, పాడించి, 1945లో 'బాల' యను పత్రికను వెలువరించిరి. తరువాత జగద్విఖ్యాతుడైన బాపుగారి బొమ్మ బాల్యమున అచ్చెక్కినది ఆ పత్రికలోనే. తెలుగుసీమకు ఆవల నున్న నగరములో, పసివారిని పిలిచి "నీవు చెప్పు, నీవు గీయి" యన్నవారు మనవారే యని గర్వింపవచ్చును.

ఇంతవఱకు చెప్పిన చరిత్ర మనబోటి కుటుంబములకు ఏల యని పాఠకులు అడుగవచ్చును. తరతరములుగా హోసూరులోను, బరంపురములోను, బళ్ళారిలోను, షోలాపురములోను, యానాములోను కాపురమున్న మన యిండ్లలో తెలుగు బడిలో కంటె ఇంటిలోనే ఎక్కువగా బ్రతుకుచున్నది. అట్టి యింటిలో పిల్లవాడు పలుకు తెలుగునందు కన్నడమో, ఒడియాయో, తమిళమో, మరాఠీయో ఒక మాట వచ్చి చేరును. క్రియ తప్పును, విభక్తి తప్పును. మనము వెంటనే "అట్లు కాదురా, ఇట్లనవలెను" అందుము. మన ఉద్దేశము మంచిదే. కాని రెండుమూడుసార్లు అట్లు దిద్దబడిన పిల్లవాడు నాలుగవసారి తన కథను బడిభాషలో చెప్పును. లేదా చెప్పుట మానుకొనును. చందమామ పిట్టను వెదకబోవు అన్నదమ్ములను నడిదారిలో ఆపి వ్యాకరణము చెప్పినచో పిట్ట యెక్కడ దొరకును?

దిద్దవలదని మేము చెప్పుట లేదు. దిద్దుటకు బడియు, పుస్తకమును, పగలును కలవు. కథ చెప్పునప్పుడు మాత్రము చెప్పనిండు. నేడు ప్రతి యింటను ఫోనే ధ్వనిని పట్టు యంత్రము. మనము దానితో పిల్లలచే పద్యము చదివించి, పాట పాడించి, బంధువులకు పంపుకొనుచున్నాము. అది నేర్పిన పలుకు. నేర్పని పలుకును గూడ అప్పుడప్పుడు పట్టి యుంచుడు. వాడు గీచిన బొమ్మను యెదుట నుంచి, అది యేమో వానినే చెప్పనిచ్చి, నడుమ మాటలాడక వినుడు. ఆ కాగితము వెనుక వాని పేరును, నాటి తేదీని వ్రాసి దాచుడు. మన ముత్తాతలు ఈ యూళ్ళకు వచ్చిననాడు వారి పిల్లలు ఎట్టి తెలుగు పలికిరో వినుటకు మనకు నేడు దారి లేదు. మన మనుమల మాట వారి మనుమలకు వినబడునట్లు చేయుట మన చేతిలోనే యున్నది. హబ్లీ దంపతులకు అందుకు కావలసినది ఒక టేపు యంత్రము, కొంత ఓర్పు. యంత్రము మనకును కలదు.